చీటీ చదవడం రాకపోయినా షుగర్‌ను అదుపులో పెట్టుకోవచ్చు

మధుమేహం ఉన్నవారు డాక్టరును చూసేది ఏడాదికి కొన్నిసార్లే. మిగతా రోజులన్నీ ఏం తినాలో, గోలీ ఎప్పుడు వేసుకోవాలో, కళ్లు తిరిగితే ఏం చేయాలో ఇంటి దగ్గర తామే తేల్చుకోవాలి. అందుకే ఈ జబ్బుకు మందు ఎంత ముఖ్యమో, దాని గురించిన అవగాహన కూడా అంతే ముఖ్యమని మా అభిప్రాయం.

భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత సుమారు 50 శాతమే. వనపర్తి, నాగర్‌కర్నూల్ కొంచెం మెరుగు, అంతే. ఇలాంటి చోట "1-0-1" అని రాసిన చీటీ ఇచ్చి పంపితే చాలదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని ఎవరో ఒకరు విప్పి చెప్పాలి.

చదువు రానివారికి ఏం చెప్పినా అర్థం కాదనేవారున్నారు. మేము ఒప్పుకోము. గద్వాల పత్తి విత్తన చేలల్లో ఏ పువ్వుకు ఏ పుప్పొడి అంటించాలో తెలిసిన తల్లికి గోలీ వేళలు నేర్చుకోవడం కష్టమా? చదువుకున్నవారు కూడా పొరబడుతూనే ఉంటారు. వార్డులో తరచుగా వినే మాటలు ఇవి:

"షుగర్ నార్మల్‌కు వచ్చింది, గోలీలు బంద్ చేసిన." మందు పనిచేస్తున్నందుకే షుగర్ తగ్గింది. డాక్టరు చెప్పనిదే ఆపకూడదు.

"అన్నం మానేసిన, రొట్టెలు ఎన్ని తిన్నా ఏం కాదు." జొన్నలోనూ, రాగిలోనూ పిండి పదార్థం ఉంటుంది. ఎంత తిన్నామన్నదే లెక్క.

"పనికి తొందరైంది, తినకుండనే గోలీ వేసుకున్న." కొన్ని రకాల గోలీలు, ఇన్సులిన్ తీసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి, తర్వాత భోజనం చేయాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తేవాలి.

ఇన్సులిన్ వాడేవారికి మరొక జాగ్రత్త. సీసా మీద 40 అని ఉంటే 40 సిరంజి, 100 అని ఉంటే 100 సిరంజి వాడాలి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు పెరగవచ్చు, లేదా అంతమేర తగ్గవచ్చు.

ఇవన్నీ చెప్పి "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది సిస్టరమ్మా" అంటారు. అందుకే "ఇంటికి పోయి ఎట్ల వేసుకుంటరో ఒకసారి చెప్పండమ్మా" అని అడగాలి. తిరిగి చెప్పగలిగితేనే మనం సరిగ్గా చెప్పినట్టు. మందు కవరు మీద సూర్యుడిని, చంద్రుడిని గీసి ఇవ్వాలి. ఇంట్లో వంట చేసేవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఓపీ రద్దీలో అంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. రెండు నిమిషాల మాట మిగిల్చిన పుండు, కాలు తీసేదాకా వచ్చినప్పుడు వారాల తరబడి కట్లు కట్టాల్సింది కూడా మనమే.

ప్రియమైన పాఠకులారా, ఈ పత్రిక చదవగలిగిన మీరు ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న షుగర్ పేషెంటు చీటీని ఈ వారం ఒకసారి చదివి వినిపించండి. తెలియనిది ఏదైనా ఉంటే సిగ్గుపడకుండా నర్సును అడగమని చెప్పండి.