పెద్దకాలువ వచ్చినది, పిల్లకాలువ యేది?



వానకాలపు విత్తుల ముందు ఎరువుల యంగడి యొద్ద వరుసలో నిలువని రైతు మన పిట్లము మండలమున నుండడు. కడచిన యేడు నేనొక గ్రామమున నట్టి వరుసను చూచితిని. గోదామున బస్తాలు లేకపోలేదు. అమ్మువాడున్నాడు, కొనువారు డెబ్బదిమందికి తక్కువ లేరు. కాని బొటనవ్రేలి ముద్ర తీసికొను చేతిపెట్టెకు సిగ్నలు లేదు. 2018వ సంవత్సరము నుండి దేశమంతటను రాయితీ యెరువు కొనవలెనన్న ఆ పెట్టెలో రైతు గుర్తింపు పడవలెను గదా. అమ్మువాడు పెట్టెను చేతబట్టుకొని మేడ యెక్కెను. పిదప వేపచెట్టు క్రిందికి వచ్చెను. తుదకు రహదారి వైపు నడచెను. ఆతని వెనుక రైతులు పెండ్లి యూరేగింపు వలె నడచిరి. చూచువారికి నవ్వు వచ్చునట్టి దృశ్యమే. అయినను పదునైన నేలను విడిచి వచ్చినవారు ఆనాడు సాయంకాలము వరకు నక్కడనే యుండిరి. ఆ పదును మరునాటికి నిలువలేదు.

ఇంటర్నెట్ అనగా పట్టణవాసుల విలాసమనియు, యువకులు రాత్రింబవళ్లు బొమ్మలు చూచుటకు మాత్రమే పనికివచ్చుననియు మనలో పెక్కురు తలంతురు. ఆ యువకులను నేనును మెచ్చను. అయితే మన పనులలో నేవి ఆ తీగ లేక జరుగుచున్నవో యొకసారి యెంచి చూడుడు. భూమి లెక్కలు 2020 అక్టోబరులో ధరణి కెక్కెను. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానమున భూభారతి వచ్చెను. పేరు మారినను పహాణీ చూచుకొనుట కంప్యూటరు తెరమీదనే. ప్రత్తి రైతులు కాటన్ కార్పొరేషను వారికి అమ్మవలెనన్న 2025 నుండి కపాస్ కిసాన్ అను యాప్‌లో తమ వంతును ముందుగా వ్రాయించుకొనవలసి వచ్చినది. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ అను జాతీయ విపణి ఆరంభమైన నాడే దానిలో చేరిన 21 మార్కెట్లలో మన నిజామాబాదు ఒకటి. తెలియనివాడు దళారి చెప్పిన ధరకు తలయూపును; తెరమీద ధర చూచినవాడు బండి కట్టుటకు ముందే ఆలోచించుకొనును. నేను పొలములలో తిరుగుచు చెప్పు మాటలలో సగము, సోయా యాకుపై మచ్చ కనబడిన దినముననే దాని ఛాయాచిత్రమును శాస్త్రజ్ఞునికి పంపగలిగిన, చెప్పనక్కరలేకయే పోవును.

చేతిలోని ఫోను చాలదా యని కొందరడుగుదురు. ఫోను మాట టవరు వరకు గాలిలో పోవలెను. ఒక టవరు క్రింద నున్నవారందరు ఒకే బావిని వంతులవారీగా తోడుకొనువారి వంటివారు. సాయంకాలము ఊరంతయు ఫోను తీసినప్పుడు ఒక్కొక్కనికి దక్కునది చెంబెడు. ఇదియుగాక మనకు చూచుట యెంత ముఖ్యమో పంపుట యంత ముఖ్యము. అప్పు పత్రములు, విద్యార్థి పరీక్ష దరఖాస్తు, కుట్టుపని చేయు స్త్రీలు తమ సరకును చూపు చిత్రములు, ఇవన్నియు ఇక్కడ నుండి పోవలసినవి. సిగ్నలు సన్నగిల్లినప్పుడు మొట్టమొదట చచ్చునది ఈ పంపకమే. గాజుతీగ వేరు. వెంట్రుకవలె సన్నని గాజుపోగులో వెలుతురు పరుగిడును. రాగితీగ వలె పిడుగు నాకర్షింపదు. మబ్బు పట్టినను దానికి లెక్కలేదు. దానికి శత్రువులు రెండే: జేసీబీ యంత్రము, ఎలుక. కేంద్రపు నిర్వచనము ననుసరించి 2023 జనవరి నుండి సెకనునకు 2 మెగాబిట్లు వచ్చిన చాలును, దానిని బ్రాడ్‌బ్యాండని పిలువవచ్చునట. ముల్లుకర్రను చూపి నాగలి యన్నట్లున్నది.

ఇప్పుడు మనకు తీగ రాలేదా యన్న, వచ్చినది. చాల దగ్గరకు వచ్చినది. చిక్కంతయు నక్కడనే యున్నది. మనకు పొరుగున నున్న నిజాంసాగరమును తలచుకొనుడు. 1923లో పని యారంభమై 1931లో ముగిసినది. మంజీర నీరు ఆనకట్ట వెనుక నిలిచినంత మాత్రమున బోధను రైతు మడి తడిసెనా? పెద్దకాలువ వలెను, దాని నుండి పిల్లకాలువ వలెను, తూము వలెను; ఆ పైన రైతు పార పట్టి తన చేనిలోనికి నీరు త్రిప్పుకొనవలెను. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము గ్రామపంచాయతుల కన్నిటికి గాజుతీగ వేయ నిశ్చయించెను. ఆ పథకమునకే పిమ్మట భారత్‌నెట్ అను పేరు వచ్చినది. 2017 డిసెంబరు నాటికి లక్ష పంచాయతులకు తీగ చేరినది. మన తెలంగాణమున మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే టీ-ఫైబరు వారు తమ తీగకు గొట్టములు వేసిరి. ఒకమారు త్రవ్వి రెండు పనులు సాధించుట మెచ్చదగినదే. 2024 డిసెంబరులో కొన్ని గ్రామముల యిండ్లకు ఆ తీగనిచ్చుట ప్రారంభించిరి. పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూరు వానిలో నొకటి.

ఇదంతయు పెద్దకాలువ. పంచాయతీ గోడపై పెట్టె యుండియు దీపము వెలుగని యూళ్లను నేను చూచితిని. పేర్లు వ్రాయను. ఒకచోట కరెంటు బిల్లు ఎవరు కట్టవలెనను తగవులో ఆ పెట్టె చల్లబడెను. ఇంకొకచోట రోడ్డు పనివారు తీగను తెంచిరి; ఎవరికి చెప్పవలెనో ఎవరికిని తెలియలేదు. గాజుతీగ తెగుట పాపము కాదు. తెగిన తీగకు దిక్కు లేకపోవుట మన దౌర్భాగ్యము.

ఆంధ్రప్రదేశము వారు ఇంకొక త్రోవ త్రొక్కిరి. నేల త్రవ్వక, కరెంటు స్తంభములపైననే తీగ లాగిరి. 2016 డిసెంబరులో నాటి తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామమున ఇంటింటికి ఇచ్చిరి; 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత రాష్ట్రమంతటికి ఆరంభింపజేసి, నెలకు 149 రూపాయలు మొదలు చందా పెట్టిరి. ఆ సంస్థకు తరువాత కష్టములు వచ్చిన మాట నిజమే. అయినను వారి మెళకువ స్తంభములలో కాదు, ఊరి కేబుల్ టీవీ నడుపువానిని భాగస్వామిగా చేర్చుకొనుటలో నున్నది. తీగ తెగినచో ఊరివాడు ఆతని తలుపు తట్టవచ్చును.

కేంద్రమువారును ఈ సంగతి గ్రహించినట్లే యున్నారు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో భారత్‌నెట్‌ను సవరించిరి. తీగను ఒంటి వరుసగా గాక వలయముగా వేయుదురట. ఒకచోట తెగినను వెలుతురు రెండవ వైపు నుండి తిరిగి వచ్చును. ఊరిలోని యిండ్లకు తీగ నిచ్చి కాపాడు పనిని స్థానికులకు ఆదాయములో భాగమిచ్చి యప్పగింతురట. ఆ స్థానికుడెవడు? ఇదే నేను మీ ముందుంచు ప్రశ్న. మనము ఊరకుండినచో ఎవడో యొక ఉద్యమశీలి వచ్చి, లాభమున్న వీధికి తీగ వేసి, తండాను, దళితవాడను, పొలిమేరనున్న యిండ్లను విడిచిపెట్టును. నా అభిప్రాయమున ఆ స్థానికుడు మన సహకార సంఘమే కావలెను.

సంఘమునకు ఇట్టి పని చేతనగునా యని సందేహింపకుడు. మన తెలంగాణముననే సిరిసిల్లలో 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము కరెంటును పంచుచున్నది. పట్టుకొన్న ప్రాణము తీయు కరెంటును సభ్యులు నడుపగలిగినప్పుడు, పట్టుకొన్నను ప్రాణాపాయము లేని గాజుతీగను మనము నడుపలేమా? ఇంగ్లండు ఉత్తర భాగమున లంకాషైరు పల్లెలకు పెద్ద కంపెనీలు రాకపోగా, 2011లో అచ్చటివారు తమలో తామే ఒక సంఘముగా నేర్పడిరి. రైతులు తమ పొలముల గుండ తీగకు ఉచితముగా దారి యిచ్చిరి, తామే కందకములు త్రవ్విరి. త్రవ్విన కూలికి సంఘములో వాటాలు పుచ్చుకొనిరి. బీ-ఫోర్-ఆర్‌ఎన్ అను ఆ సంఘము ఇంటింటికి సెకనునకు 1000 మెగాబిట్ల తీగ నిచ్చినది. గొఱ్ఱెల మేపు పల్లెలవి, మనకన్న నాగరికములని భ్రమపడవలదు.

మన సంఘములకు తీగ అవసరము ఎట్లును వచ్చినది. 2022 జూనులో 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరింప 2,516 కోట్లు కేటాయించిరి. 2023 జనవరిలో పంపిన నమూనా నిబంధనావళి 25కు పైగా వ్యాపకములను సంఘములకు చూపినది. 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి విధానము ననుసరించి, వైఫై అమ్ముటకు చిన్న దుకాణదారునికైనను లైసెన్సు అక్కరలేదు. అట్టివారి నుండి కంపెనీలు ఇంటి చందాకు రెండింతలకు మించి తీసికొనరాదని 2025 జూనులో నియంత్రణ సంస్థ కట్టడి చేసినది. కావున ఇంటింటికి తీగ పోవునంతవరకు సంఘపు అరుగుపై వైఫై పెట్టుటకు అడ్డమేమియు లేదు. విత్తుల కాలమున ముద్రపెట్టె పట్టుకొని చెట్ల క్రింద తిరుగవలసిన పని ఆనాటితో తీరును.

డబ్బు సంగతి. ఒక యూరిలో నూటయేబదియిండ్లు చేరి, నెలకు 300 రూపాయలిచ్చిరనుకొందము. నెలకు 45,000 అగును. తీగవారికి చెల్లింపవలసిన భాగము పోగా, తెగిన తీగను అతుకుట నేర్చిన ఇద్దరు ఊరి కుర్రవాండ్రకు జీతము రావలెను. రాకున్న పథకము నిలువదు. ఈ లెక్క కాగితముపై పడనిదే ఎవరును చేయెత్తవలదు. మన సంఘములలో బాకీలు వసూలు కావను అపవాదు కలదు. అది పూర్తిగా అపవాదు కాదని నాకు తెలియును. అప్పు విషయమున వాన లేదని గడువిత్తుము. తీగ విషయమున నట్లు చేయరాదు: ముందుగా చందా, పిదప తీగ. అధ్యక్షుని బావమరిదికైనను ఇందులో మొగమాటము కూడదు. కట్టలేనివారికి సంఘపు అరుగున దినమునకు ఒక గంట ఉచితముగా విడువవచ్చును; అది సంఘపు ధర్మము, చందాదారుని భారము కాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలెనని వ్రాతమూలకముగా కోరనున్నాను. వచ్చునప్పుడు మీ యూరి పంచాయతీ గోడపై పెట్టె కలదా, దానిలో దీపము వెలుగుచున్నదా, ఆ గోడ నుండి మీ యింటికి ఎన్ని కరెంటు స్తంభములున్నవో లెక్కించుకొని రండు. ఆ లెక్కలను పుస్తకమున వ్రాసికొనుటకు నేను సభకొక గంట ముందుగనే వచ్చి కూర్చుందును.