క్రియాటినిన్ 1.2 అంటే నార్మలేనా? కిడ్నీ రిపోర్టులో అసలు చూడాల్సిన అంకె ఏది?

శ్రీకూర్మంలో ఉంటున్న 60 ఏళ్ల అమ్మ రక్తపరీక్ష చేయించుకున్నారనుకోండి. రిపోర్టు ఫొటో విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకు వాట్సాప్‌కు వస్తుంది. సీరం క్రియాటినిన్ 1.2. పక్కనే నార్మల్ రేంజ్ 0.6 నుంచి 1.2 అని ఉంది. ‘అంతా బాగానే ఉందమ్మా’ అని కొడుకు మెసేజ్ పెడతాడు.

నిజంగా బాగానే ఉందా?

అదే 1.2 పాతికేళ్ల కుర్రాడికి వస్తే, అతని కిడ్నీల పనితీరు లెక్కలో సుమారు 86 అని తేలుతుంది. ఈ అమ్మకు అదే లెక్క వేస్తే సుమారు 52 వస్తుంది. ఈ అంకె 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా పరిగణిస్తారు. రిపోర్టులో మాత్రం ఎర్ర గుర్తు కనిపించదు.

శ్రీకాకుళం జిల్లాలో ఈ తేడా తెలుసుకోవడం మరీ అవసరం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపున్న ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తోంది. అక్కడ జరిపి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పరీక్షించిన పెద్దవారిలో సుమారు 21 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో ఎక్కువ మందికి షుగర్, బీపీ వంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు.

శ్రీకూర్మం ఉన్న గార మండలం ఉద్దానంలోకి రాదు. అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. షుగర్, బీపీ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు ఏ ఊళ్లోనైనా ఉంటుంది.

క్రియాటినిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

మన కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం ఇది. కిడ్నీలు దీన్ని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. కిడ్నీలు మందగిస్తే రక్తంలో దీని మోతాదు పెరుగుతుంది.

కండ తక్కువగా ఉన్నవారిలో అసలు తయారయ్యేదే తక్కువ. అందుకే బక్కపలచని వృద్ధురాలి కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నా అంకె రేంజ్‌లోనే కనిపించవచ్చు.

ఈజీఎఫ్ఆర్ అంటే?

క్రియాటినిన్, వయసు, స్త్రీ లేదా పురుషుడు అనే వివరాలతో కిడ్నీల వడపోత వేగాన్ని అంచనా వేసే లెక్క ఇది. పైన చెప్పిన 86, 52 అంకెలు 2021లో సవరించిన సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం వచ్చినవి. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ వేయకపోతే ల్యాబ్‌లో అడగండి. దీనికి అదనంగా రక్తం ఇవ్వక్కర్లేదు.

ఇది అంచనా మాత్రమే. మరీ సన్నగా ఉన్నవారిలో అసలు పరిస్థితి కంటే మెరుగ్గా చూపించవచ్చు.

పింఛనుకూ ఈ అంకెకూ సంబంధం ఏమిటి?

ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో డయాలసిస్ దాకా వెళ్లని కిడ్నీ రోగులకు ‘సీకేడీయూ’ పేరుతో నెలకు 10,000 రూపాయల విభాగం ఉంది. అందులో మూడు కొలమానాలు పెట్టారు. క్రియాటినిన్ 5 దాటి ఉండటం ఒకటి, ఈజీఎఫ్ఆర్ 15 కంటే తక్కువగా ఉండటం రెండోది, కిడ్నీలు కుంచించుకుపోవడం మూడోది.

ఇక్కడ మహిళలు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఉంది. 35 ఏళ్ల పురుషుడికి క్రియాటినిన్ 5 ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 14.6 అవుతుంది. 55 ఏళ్ల మహిళకు క్రియాటినిన్ 3.5 ఉన్నప్పుడే ఈజీఎఫ్ఆర్ 15 కిందికి, అంటే సుమారు 14.8కి వచ్చేస్తుంది. ఇద్దరి కిడ్నీలూ దాదాపు ఒకే స్థితిలో ఉన్నట్లే లెక్క. రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే ఉంటే ఆమె 5కు చాలా దూరంలో ఉన్నట్లు కనిపిస్తుంది. ఈజీఎఫ్ఆర్ కూడా రాసి ఉంటేనే రెండో కొలమానం కింద అడిగే వీలుంటుంది.

రెండు ల్యాబుల్లో రెండు అంకెలు ఎందుకు?

క్రియాటినిన్ కొలవడానికి రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. 1886లో మాక్స్ జాఫే గుర్తించిన రంగు మార్పు ఆధారంగా చేసేది ఒకటి. ఇది చవక. కానీ రక్తంలో చక్కెర, కీటోన్లు ఎక్కువగా ఉంటే వాటిని కూడా కొంత క్రియాటినిన్‌గా లెక్కపెట్టే అవకాశం ఉంది. రెండోది ఎంజైమ్ పద్ధతి. ఖర్చు ఎక్కువ, పొరపాటు తక్కువ.

రక్తం ఇచ్చేవారి వల్ల కూడా అంకె మారుతుంది. ముందు రోజు మాంసం ఎక్కువగా తిన్నా, ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోయినా, వాంతులు, విరేచనాలతో ఒళ్లు నీరసించినా పెరగవచ్చు. అందుకే ఈ నెల ఒక ల్యాబ్‌లో 1.2, వచ్చే నెల మరో ల్యాబ్‌లో 1.3 వస్తే జబ్బు ముదిరిందని అనుకోకూడదు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించి పోల్చుకోవాలి.

మూత్రపరీక్ష కూడా కావాలా?

కావాలి. షుగర్ ఉన్నవారిలో క్రియాటినిన్ పెరగడానికి చాలా ముందే మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. ఉద్దానం తరహా జబ్బులో పరిస్థితి వేరు. అక్కడ ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఒక్క పరీక్షే చేయిస్తే ఏదో ఒక రకం జబ్బు తప్పించుకునే ప్రమాదం ఉంది.

ఎక్కడ చేయించుకోవాలి?

కేంద్రం 2019లో సవరించిన ఉచిత పరీక్షల మార్గదర్శకాల ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో 63 పరీక్షలు అందుబాటులో ఉండాలి. వాటిలో క్రియాటినిన్ ఉంది. కాబట్టి ముందు దగ్గర్లోని పీహెచ్‌సీలో అడగండి. జబ్బు బయటపడితే పెద్ద వైద్యానికి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది.

ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందేమో చూడండి. ఇది తప్పనిసరి కాదు కాబట్టి చాలా చిన్న ల్యాబులకు ఉండదు. ఉన్నచోట పరికరాల నాణ్యతను బయటి నిపుణులు తనిఖీ చేస్తారు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలి?

పాత రిపోర్టులు పారేయొద్దని చెప్పండి. ప్రతి రిపోర్టు మీదా తేదీ, ల్యాబ్ పేరు కనిపించేలా ఫొటో తీసి దాచండి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ వస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఆ తర్వాత మూడు నెలలకు అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. అప్పటిదాకా ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో సొంతంగా మాత్రలు కొని వేసుకోవద్దని చెప్పండి. నొప్పి తగ్గించే మాత్రల్లో చాలావాటితో బలహీనంగా ఉన్న కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి.