సూరతు నేతగాని ఊపిరి

సూరతు నగరమున లింబాయత్, ఉధనా మొదలగు ప్రాంతములలో తెలంగాణము నుండి వలసవచ్చిన నేతకుటుంబములు తరతరములుగా నివసించుచు మరమగ్గముల హోరులో బ్రతుకు వెళ్లబుచ్చుచున్నవి. 12 గంటల షిఫ్టులో నిద్రను ఆపుకొనుటకై అచటి నేతగాడు వెలిగించు బీడీ, కరీంనగరము, నిజామాబాదు సీమలలో తన యింటి ఆడవారి వంటివారే తునికాకు కత్తిరించి చుట్టినది కావచ్చును. కొన్నేండ్లకు మెట్లెక్కునపుడు దమ్ము వచ్చినచో, వయసు మీదపడినదని సరిపెట్టుకొనుట మన కలవాటు. పొగ త్రాగువారి విషయమున ఆ సమాధానము పొరపాటని నా దృఢాభిప్రాయము.

పొగ ఊపిరిని ఎట్లు చెఱచునో తెలియుటకు మొదట మన తెల్ల రక్తకణములను చూడవలెను. సూక్ష్మజీవి చొరబడిన తావునకు వానిలో ముందుగా పరుగెత్తివచ్చునవి న్యూట్రోఫిల్ అను కణములు. వాని లోపలి రేణువులలో ఎలాస్టేజ్, మైలోపెరాక్సిడేజ్ మొదలగు ఎంజైములు నిలువయుండును. చీమునకు గల పచ్చని ఛాయ ఈ రెండవదాని వలననే కలుగుచున్నది. శత్రుసంహారమునకై వెలువడిన ఎలాస్టేజ్, ఊపిరితిత్తులకు సాగి ముడుచుకొను గుణము నిచ్చు ఎలాస్టిన్ తంతువులను గూడ కొఱికివేయును. తెగిన తునకలు మఱికొన్ని తెల్లకణములను రప్పించును. మంట మంటను పెంచును. అట్లని ఎంజైములను నిందింపరాదు. అవి పుండు మానుటకు తోడ్పడును; వానిలో కొన్ని మంటను రేపు సంకేతములను ఛేదించి తాపమును చల్లార్చును గూడ.

ఎలాస్టిన్ తంతువులు తెగు ఈ యనర్థమును నివారించుటకే కాలేయము ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అను మాంసకృత్తును నెత్తుటిలోనికి పంపి, ఎలాస్టేజును ఎప్పటికప్పుడు కట్టిపడవేయుచుండును. పుట్టుకతోనే ఇది కొఱవడినవారికి ఊపిరితిత్తుల వ్యాధితో గల సంబంధమును 1963లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లారెల్, ఎరిక్సన్ కనుగొనినప్పుడు గాని దీని విలువ లోకమునకు తెలియలేదు. పొగ చేయు ద్రోహ మిచటనే యున్నది: ఒకవంక తెల్లకణములను గుంపులుగా పిలుచును, మఱియొకవంక వాని ఎలాస్టేజును అదుపుచేయు ఈ మాంసకృత్తును ఆక్సీకరించి నిర్వీర్యము చేయును. పుట్టుకతో సంపూర్ణముగా నున్న రక్షణను సయితము బీడీ ఈ విధముగా హరించుచున్నది.

తెగిన నూలుపోగును కన్నుమూసి తెఱచునంతలో ముడివేయు నేర్పు గల ఆ చేతులకు, తెగిన ఊపిరి తంతువును అతుకు ఉపాయము లేదు; మందుల దుకాణమున చేతికిచ్చు వాపు తగ్గించు బిళ్ళలకును లేదు. కావున పొగను అరికట్టి, నష్టము ముదురకమునుపే గుర్తింపవలెను. పని స్థలములలో పొగత్రాగరాదను నిబంధన 2008 అక్టోబరు 2 నుండి అమలులో నున్నది. మగ్గపు షెడ్డులును పని స్థలములే యని యజమానులకు గట్టిగా చెప్పవలసియున్నది. నగరపాలక ఆరోగ్యకేంద్రములు ఈ వాడలకు వచ్చి, దగ్గు ముదిరినవారినే కాక ముప్పది దాటిన ప్రతి కార్మికుని ఊపిరి బలమును కొలుచు స్పైరోమెట్రీ యంత్రములో ఊదించి, వచ్చిన ఫలితమును అతనికి తెలుగులో వివరింపవలెను.