4.8 స్టార్లు, రాత్రి రెండు గంటలు

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. ఒత్తులు, దీర్ఘాలు మన క్లబ్ సీనియర్లు దిద్దారు, ఇంకా ఏమైనా మిగిలితే క్షమించండి. ఈ విషయం మాత్రం తెలుగులోనే రాయాలనిపించింది. ఇది మా నాయనమ్మ గురించి. ఆమెకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు.

నేను సీఎస్‌ఈ సెకండియర్. మా బ్రాంచ్ వాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, ఏం చేయాలన్నా ముందు ఒక షీట్ తెరుస్తాం. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు షీట్ చేశాను. హాస్టల్ వెతికేటప్పుడు చేశాను. పోయిన సంవత్సరం మా నాయనమ్మ చివరి రోజులు ఎక్కడ గడపాలో తేల్చడానికి కూడా ఒక షీట్ చేశాను. ఆ షీట్ తప్పు. దానివల్ల ఆమె తొమ్మిది రాత్రులు నొప్పితో నిద్ర లేకుండా గడిపింది. మీ ఇంట్లో ఇలాంటి రోజు వస్తే మీరు ఆ తప్పు చేయకూడదని ఇది రాస్తున్నాను.

నాయనమ్మది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో అయింది, రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత అది వెన్నెముకకు పాకింది. హైదరాబాద్‌లో డాక్టర్ గారు స్కాన్ చూసి, "ఇంక కీమో ఇస్తే లాభం కన్నా బాధే ఎక్కువ. హాస్పిస్ చూసుకోండి" అన్నారు. బయట కారిడార్‌లో మా నాన్న నా చేతిలో ఫోన్ పెట్టి, "నువ్వే చూడురా గూగుల్‌ల, నీకైతే తెలుస్తది" అన్నాడు. నాకు ఏమీ తెలియదు. హాస్పిస్ అని టైప్ చేస్తే ఫోన్ దాన్ని హాస్పిటల్ అని మార్చేసింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. జబ్బు ఇక నయం కాదని తేలాక, మనిషికి నొప్పి, ఆయాసం, పుండ్లు, భయం లేకుండా చూసుకునే చోటు హాస్పిస్. ఇప్పుడు మనకి తెలిసిన పద్ధతిలో మొదటిది 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టర్ పెట్టారు. ఆమె ముందు నర్స్‌గా, తర్వాత సోషల్ వర్కర్‌గా పనిచేసి, ఆ తర్వాత డాక్టర్ అయ్యారు. నొప్పి అంటే శరీరానిది మాత్రమే కాదని, మనసుది, ఇంటి సమస్యలది, దేవుడి మీద కోపానిది కూడా అందులో కలిసి ఉంటుందని ఆమె చెప్పారు. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్ మొదలైంది. హైదరాబాద్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. తెలంగాణలో జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి, మంచం దిగలేని వాళ్ళ కోసం ఇంటికే వచ్చే 'ఆలన' బండ్లు కూడా ఉన్నాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసింది గూగుల్ మ్యాప్స్ ఒక్కటే.

నా షీట్‌లో కాలమ్స్ ఇవి: రేటింగ్, ఎన్ని రివ్యూలు, మా ఇంటి నుంచి దూరం, ఏసీ ఉందా, అటెండర్‌కి బెడ్ ఉందా, పార్కింగ్, రోజుకి ఎంత. ఒక ప్రైవేట్ చోటుకి 4.8 వచ్చింది. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, లాబీలో చిన్న ఫౌంటెన్. మేనత్త ఫొటోలు చూసి "ఇదే బాగుంది" అంది. చేర్చాం.

మొదటి రాత్రి రెండు గంటలకి నాయనమ్మ నన్ను లేపింది. "బిడ్డా, గీ నొప్పి పగోనికి గూడ వద్దు" అంది. బెల్ కొట్టాను. ఆయమ్మ వచ్చి, నర్స్‌ని పిలిచింది. నర్స్ పారాసెటమాల్ ఎక్కించింది. డాక్టర్ పొద్దున పదింటికి వస్తారన్నారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు డాక్టర్ గారిని మార్ఫిన్ గురించి అడిగితే, "మా దగ్గర ఉండదు, దానికి పర్మిషన్లు చాలా కావాలి, పైగా అలవాటు పడతారు" అన్నారు. వారం రోజుల్లో పోయే మనిషి దేనికి అలవాటు పడుతుందో నాకు అర్థం కాలేదు. కానీ ఎదురు అడగలేదు. రేటింగ్ 4.8 కదా, వాళ్ళకి తెలియదా అనుకున్నాను.

తొమ్మిదో రోజు ఆ రాత్రి నర్సే నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, నేను చెప్పానని చెప్పకు, ఈమెని వేరే చోటుకి తీసుకెళ్ళండి" అని ఒక పేరు చెప్పింది. అది నా షీట్‌లో ఉంది. ఆఖరి వరసలో. రేటింగ్ 4.1, రివ్యూలు ముప్ఫై కూడా లేవు. ఒక వన్‌స్టార్ రివ్యూలో "మా మామయ్యని తీసుకెళ్తే బతికించలేదు" అని ఉంది. ఆ ఒక్క రివ్యూ చూసి నేను ఆ వరసని ఎర్ర రంగు చేసేశాను.

అక్కడ డాక్టరమ్మ ముందు ఫైల్ తెరవలేదు. మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, "అమ్మా, రాత్రి నిద్ర పడుతుందా? నొప్పి రూపాయిలో ఎన్నణాలు?" అని అడిగింది. మనం సున్నా నుంచి పది అంటాం కదా, మా నాయనమ్మకి అది అర్థం కాదని ఆమెకి తెలుసు. "పదారణాలు" అంది నాయనమ్మ. మార్ఫిన్ మాత్ర మొదలుపెట్టారు. నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. దాంతో పాటు మలబద్ధకం రాకుండా మందు కూడా మొదటి రోజు నుంచే. మూడో రోజు మధ్యాహ్నం నాయనమ్మ పచ్చిపులుసు అడిగింది. మేనత్త ఇంటికి పరుగెత్తి చేసుకొచ్చింది. రెండు చెంచాలు తాగి, "ఉప్పు తక్కువైంది" అని తిట్టింది. ఆ తిట్టు విని మా నాన్న బయటికెళ్ళి ఏడ్చాడు.

ఆ తర్వాత ఆమె పదహారు రోజులు ఉంది.

ఇప్పుడు నా పాయింట్‌కి వస్తాను. ఆ 4.8 అబద్ధం కాదు. ఎవరూ ఫేక్ రివ్యూలు కొనలేదనుకుందాం. అయినా అది తప్పే చెప్తుంది. కారణాలు మూడు.

ఒకటి, హాస్పిస్‌ని నిజంగా వాడుకున్న మనిషి రివ్యూ రాయడానికి ఉండదు. డేటా సైన్స్ క్లాసులో సర్వైవర్‌షిప్ బయాస్ చదువుకున్నాం, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇక్కడ డేటా ఇవ్వాల్సిన యూజర్ ఒక్కరు కూడా మిగలరు.

రెండు, రాసేది ఇంట్లోవాళ్ళు. మేం పగలు వస్తాం, పళ్ళు తెస్తాం, లాబీ చూస్తాం, ఏసీ చూస్తాం. నొప్పి రాత్రి వస్తుంది. రాత్రి అక్కడ పడుకోని చుట్టం ఇచ్చే అయిదు స్టార్లు బిల్డింగ్‌కి ఇచ్చినవి.

మూడు, హాస్పిటల్‌ని కొలిచినట్టు దీన్ని కొలవలేం. హాస్పిటల్‌లో ఎంతమంది బతికారని అడగొచ్చు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ పోతారు. "బతికించలేదు" అనే రివ్యూ, రైలు ఎక్కి విమానం దిగలేదని ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. కానీ ఆ రోజు నేను దాన్నే నమ్మాను.

మా రూమ్మేట్ అన్నాడు, "అయితే కొలవొద్దంటావా? చావుకి మెట్రిక్స్ ఏంట్రా?" అని. నేను ఒప్పుకోను. కొలవాలి, ఇంకా గట్టిగా కొలవాలి. వేరే దేశాల్లో కొలుస్తున్నారు కూడా. అమెరికాలో రోగి పోయిన కొంతకాలానికి, దగ్గరుండి చూసుకున్న ఇంటి మనిషికి ఒక సర్వే పంపుతారు. నొప్పికి సాయం అందిందా, రాత్రిళ్ళు ఫోన్ చేస్తే పలికారా, మర్యాదగా చూశారా అని అడుగుతారు. ఆ ఫలితాలు అందరికీ కనిపించేలా పెడతారు. పాలియేటివ్ వాళ్ళు వాడే ఐపాస్ అనే ప్రశ్నపత్రం ఇంకా బాగుంటుంది, మాట్లాడగలిగినంత కాలం రోగినే అడుగుతుంది. నొప్పి, ఆయాసం, వాంతులు, ఆందోళన, మనశ్శాంతి. ఏసీ ఉందా అనే ప్రశ్న అందులో లేదు.

అందుకే నా షీట్‌ని మళ్ళీ చేశాను. ఇప్పుడు కాలమ్స్ అయిదే. ఎవరినైనా చేర్చే ముందు ఈ అయిదు అడగండి.

మొదటిది, నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మీ దగ్గర ఉందా, ఈ రోజు స్టాక్ ఉందా? "పర్మిషన్ కష్టం" అంటే అక్కడే ఆగి ఆలోచించండి. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల లైసెన్సులు నిజంగానే నరకంగా ఉండేవి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకి దారి సులువు చేశారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది. మార్ఫిన్ తయారయ్యేది దాన్నుంచే. ఇక అలవాటు పడతారు, ఊపిరి ఆగిపోతుంది అనే భయం గురించి. తెలిసిన డాక్టర్ కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచితే క్యాన్సర్ నొప్పికి అది సరైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ పద్ధతి చెప్పింది.

రెండోది, రాత్రి ఎవరు ఉంటారు? ఎంతమందికి ఎంతమంది? దీనికి జవాబు అడగడం కన్నా ఒక రాత్రి ఆ నంబర్‌కి ఫోన్ చేసి చూడటం మేలు. రెండింటికి మొహమాటమైతే పదకొండింటికి చేయండి.

మూడోది, మంచం మీదున్న మనిషిని ఎన్ని గంటలకొకసారి పక్కకి తిప్పుతారు? వీపు మీద పుండ్లు పడితే ఎలా కడతారు? ఇది ఆఫీసులో కూర్చున్నవాళ్ళని కాదు, ఆయమ్మని అడగండి. ఆమె టక్కున జవాబిస్తే ఆ పని రోజూ జరుగుతున్నట్టు.

నాలుగోది, చివరి గంటల్లో ఏం చేస్తారు? భయపడి అంబులెన్స్ ఎక్కించి ఐసీయూకి పంపిస్తారా, మాకు ముందే కూర్చోబెట్టి చెప్తారా? ప్రాణం నిలిపే యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. దీని గురించి మాట్లాడటానికి ఇబ్బంది పడే హాస్పిస్‌ని నేను నమ్మను.

అయిదోది, మనిషి పోయాక మీరు ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేస్తారా? ఈ ప్రశ్న నాకు ముందు తోచలేదు. నాయనమ్మ పోయిన పద్నాలుగో రోజు అక్కణ్ణుంచి మేనత్తకి ఫోన్ వచ్చింది. "అన్నం తింటున్నారా అమ్మా?" అని అడిగారంతే. దినాలకి వచ్చిన చుట్టాల్లో ఆ మాట అడిగినవాళ్ళు తక్కువ.

రెండో చోటు స్వర్గమని చెప్పట్లేదు. దోమలున్నాయి. బాత్రూమ్ తలుపు గడియ పడదు. ఒక రాత్రి మాత్ర నలభై నిమిషాలు ఆలస్యమైంది, నేను గొడవ పెట్టుకున్నాను. అలాగే మొదటి చోట మనుషులు చెడ్డవాళ్ళు కాదు. పద్నాలుగు మందికి రాత్రి ఒక నర్సు, ఒక ఆయమ్మ. చివరికి దారి చూపించింది ఆ నర్సే. ఆమె చేతిలో మందు లేదు, అంతే.

ఇంకో మాట కూడా విన్నాం. "ముసలామెని తీసుకుపోయి ఎక్కడో పడేశారు" అని. ఆ మాటకి భయపడి మా నాన్న రెండు వారాలు ఆలస్యం చేశాడు. ఇంట్లోనే చూసుకోగలిగితే చాలా మంచిది, కేరళలో ఊరి వలంటీర్లు, నర్సులు ఇంటింటికీ తిరిగి అలాగే చూసుకుంటున్నారు. కానీ ఇంట్లో ఉంచి నొప్పితో వదిలేయడం కూడా వదిలేయడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ సేవ అవసరమైనవాళ్ళలో 14 శాతం మందికే అందుతోంది. మిగతావాళ్ళ ఇళ్ళల్లో రాత్రి రెండు గంటలకి ఏం జరుగుతుందో నాకు కొంచెం తెలుసు.

మనకి పంతొమ్మిది, ఇరవై ఏళ్ళు. ఇది మన టాపిక్ కాదనిపిస్తుంది. కానీ ఆ రోజు వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఫోన్ మన చేతిలోనే పెడతారు, "నువ్వే చూడు" అంటారు. అప్పుడు స్టార్లు చూసి ఆగిపోకండి.

రెండో చోటుకి నేను కూడా రివ్యూ రాశాను. "మూడో రోజు పచ్చిపులుసు అడిగింది" అని మొదలుపెట్టి, మార్ఫిన్, రాత్రి డ్యూటీ, దోమలు, బాత్రూమ్ గడియ అన్నీ రాశాను. ఎవరికైనా పనికొస్తుందని. షీట్ కూడా నా డ్రైవ్‌లో ఉంది. ఎవరికి కావాలన్నా క్లబ్ గ్రూప్‌లో అడగండి, ఏ టైమ్ అయినా పర్లేదు.