తాళం చేతికొచ్చాకే డిపాజిట్

మొన్న డిసెంబర్లో పిల్లల సెలవులకి అరకులో రెండు రోజులకి ఓ ఇల్లు బుక్ చేశాం. అద్దె మొత్తం ఆన్‌లైన్లోనే కట్టేశాం. తీరా బయల్దేరే ముందురోజు, నేను స్వెట్టర్లు సర్దుతుంటే ఓనరు ఫోను. "మేడమ్, సెక్యూరిటీ డిపాజిట్ 10 వేలు ఈ నంబరుకి పంపేయండి. వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తాం."

"పంపేద్దాం, లేకపోతే పిల్లలు ఏడుస్తారు" అన్నారు మావారు. అలా అడిగేవాళ్ళ ధైర్యమంతా సరిగ్గా ఆ భయం మీదే!

బుకింగ్‌లో ఈ మాట ఎందుకు లేదని అడిగాను. ఎంత, దేనికి కోస్తారు, ఎప్పుడు తిరిగిస్తారు, అదే సైటులో మెసేజ్ పెట్టమన్నాను. మెసేజ్ రాలేదు కానీ, రెండో ఫోనుకి 10 వేలు కాస్తా 3 వేలయింది. తాళాలు తీసుకున్నాకే ఇస్తానన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

వెళ్ళగానే గదులన్నీ వీడియో తీశాను. వాష్‌బేసిన్ అప్పటికే పగిలి ఉంది. వచ్చేటప్పుడు ఆ పగులు మా పిల్లల మీదకే వచ్చింది! వీడియో చూపించాక 3 వేలూ తిరిగొచ్చాయి.

డిపాజిట్ అడగడం తప్పని నేననను. మన ఇల్లు అద్దెకిచ్చినా అడ్వాన్సు తీసుకుంటాంగా. ముందు చెప్పకుండా, చివరి నిమిషంలో, బుకింగ్ బయట అడగడమే తప్పు. యూపీఐలో వెళ్ళిన డబ్బు మనంతట మనం వెనక్కి లాక్కోలేం. "రిఫండ్ కోసం పిన్ కొట్టండి" అంటే అసలు కొట్టకండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పిల్లల అలక పూటలో పోతుంది. మొహమాటానికి పంపిన డబ్బు మాత్రం తిరిగి రాదు.