కొత్త వెర్షన్ ఖర్చు ఎవరి నెత్తిన?

చర్ల మండలంలో తాలిపేరు దాటాక వచ్చే ఒక కోయ గూడెంలో అంగన్‌వాడీ టీచర్ ఫోను పొద్దున్నే 'అప్‌డేట్ చేయండి' అని అడిగిందంటే, ఆ రోజు పసిపిల్లలకిచ్చే బాలామృతం పంపిణీ మధ్యాహ్నానికి గానీ మొదలు కాదు. కొత్త వెర్షన్ వేసుకుంటే తప్ప యాప్ తెరుచుకోదు. కేంద్రం దగ్గర సిగ్నల్ ఒక గీత, అదీ వచ్చి పోతుంటుంది. ఫోను పట్టుకుని రోడ్డెక్కాలి, అక్కడా అందకపోతే ఎత్తుగా ఉన్న చోటికి నడవాలి. డౌన్‌లోడ్ సగానికి వచ్చాక 'స్టోరేజ్ ఫుల్' అంటూ ఆగిపోతుంది. నేను చూసిన రోజున ఆమె గ్యాలరీ తెరిచి, భూమి పండగ నాటి వీడియోలు, కూతురి ఫొటోలు ఒక్కొక్కటే తీసేసి చోటు చేసింది. ఈలోగా చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లుల్లో కొందరు, మిరప కోతకు వేళ మించిపోతోందని వెళ్లిపోయారు. ముఖం ఫోనుకు చూపిస్తేనే ప్యాకెట్ చేతికివ్వాలి. ఆమె దగ్గర బాలామృతం ఉంది, ఎదురుగా బిడ్డలున్నారు. అయినా ఇవ్వలేకపోయింది.

హైదరాబాదులో అప్‌డేట్ అంటే చిరాకు. తెర మీద బొమ్మలు మారతాయి, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, నాలుగు రోజులు తిట్టుకుని అలవాటు పడతారు. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వచ్చేసరికి అదే అప్‌డేట్ కూలి మీద, బియ్యం మీద, బిడ్డ తిండి మీద పడుతుంది. అందుకే ఇక్కడ జనానికి అదంటే భయం. ఆ భయాన్ని 'వాళ్లకు టెక్నాలజీ తెలియదు' అని కొట్టిపారేసే అధికారుల మాట నేను ఒప్పుకోను. వాళ్లకు తెలిసినంత బాగా దాని దెబ్బ ఇంకెవరికీ తెలియదు.

ఆదేశాల వరుస ఒకసారి చూడండి. అంగన్‌వాడీల కోసం పోషణ్ ట్రాకర్ యాప్ 2021 మార్చిలో వచ్చింది. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. ఉపాధి హామీ పనుల్లో ఎన్‌ఎంఎంఎస్ యాప్‌తో రోజుకు రెండు ఫొటోల హాజరు 2023 జనవరి 1 నుంచి అన్ని పని ప్రదేశాలకూ వర్తించింది. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టం బయోమెట్రిక్ గుర్తింపును తనలోనే రాసుకుంది. మరి టవర్ల సంగతి? మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టూజీ టవర్లను ఫోర్‌జీకి మార్చడానికి కేంద్ర కేబినెట్ 2,426 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది 2022 ఏప్రిల్‌లో. అంటే ఫొటో హాజరు అందరికీ తప్పనిసరి కావడానికి ఎనిమిది నెలల ముందు ఆమోదం మాత్రమే దొరికింది. టవర్ కంటే ముందు ఆదేశం వచ్చి కూర్చుంది. ఆ మధ్య కాలమంతా మేట్లూ కూలీలూ గుట్టలెక్కి గడిపారు.

పెద్ద ఎత్తున జరిగిన బలవంతపు మార్పు ఒకటి తెలంగాణకు బాగా తెలుసు, కానీ దాన్ని ఎవరూ అప్‌గ్రేడ్ అని పిలవలేదు. ఉపాధి హామీకి ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ టీసీఎస్ తయారుచేసిన సొంత సాఫ్ట్‌వేర్ ఉండేది. దేశమంతటా ఒకే వ్యవస్థ ఉండాలంటూ 2022లో తెలంగాణను కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. పాత వ్యవస్థకు లోపాలుండేవి, కాదనను. కానీ ఎన్ని రోజులు పని చేశావు, ఎంత పడింది, ఎంత రావాలి అని చెప్పే పేస్లిప్పు కూలీ చేతికి వచ్చేది. మారాక ఆ చీటీలు అందడం లేదని వ్యవసాయ కార్మిక సంఘాలు మొత్తుకున్నాయి. గుండాల అడవిలో చెరువు పూడిక తీసిన మనిషికి వ్యవస్థ మారిన సంగతే తెలియదు. తెలిసిందల్లా, నిన్నటిదాకా లెక్క చూపించిన కాగితం ఇవాళ రావడం లేదని. మార్చే ముందు ఆ మనిషిని ఎవరూ అడగలేదు, మార్చాక ఎవరూ చెప్పలేదు. విండోస్ అయినా వాట్సాప్ అయినా ప్రభుత్వ యాప్ అయినా, అప్‌డేట్ మీద అపనమ్మకానికి మూలం సరిగ్గా ఇక్కడే ఉంది: అడగకపోవడం, చెప్పకపోవడం.

ఇక ఫోన్ల విషయం. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ గూగుల్ దగ్గర సిద్ధమైనంత మాత్రాన మన చేతికి రాదు. చిప్ తయారుచేసిన సంస్థ దానికి తగ్గ డ్రైవర్లివ్వాలి, ఫోన్ కంపెనీ దాన్ని తన మోడల్‌కు సరిచేసి పరీక్షించాలి. ప్రతి అడుగుకూ డబ్బు ఖర్చవుతుంది. లాభం తక్కువున్న చౌక ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి కంపెనీలు ఒకటి రెండు వెర్షన్లతో చేతులు దులుపుకుంటాయి. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శామ్‌సంగ్ 2024లో ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఇచ్చాయి. ఈమధ్య కొన్ని తక్కువ ధర ఫోన్లకూ ఐదారేళ్ల హామీ వస్తోంది, సంతోషమే. అయినా మొత్తంగా లెక్క తలకిందులుగానే ఉంది. రెండేళ్లకొకసారి ఫోను మార్చగలిగిన వాళ్లకు ఏడేళ్ల భరోసా. తునికాకు డబ్బులు వచ్చినప్పుడు కొనుక్కుని, పగిలిన గాజుతోనే ఐదారేళ్లు లాగించే మనిషి ఫోనుకు మాత్రం రెండేళ్లు నిండకముందే వయసైపోతుంది.

యాప్‌లు అటువైపు నుంచి తోస్తాయి. ప్రతి యాప్‌కూ 'ఇంతకంటే పాత ఆండ్రాయిడ్ మీద నడవను' అనే గీత ఉంటుంది, ఆ గీత ఏటా పైకి జరుగుతుంది. 2025 మొదట్లో వాట్సాప్ ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లను వదిలేసింది. అదే ఏడాది జియోఫోన్‌లో ఉండే కైఓఎస్ నుంచీ తప్పుకుంది. పదిహేను వందల డిపాజిట్‌తో 2017లో వచ్చిన ఆ బటన్ల ఫోనులోకి మరుసటి ఏడాది వాట్సాప్ వచ్చినప్పుడు, స్మార్ట్‌ఫోన్ కొనలేని ఇళ్లలోకీ వీడియోలూ మాట సందేశాలూ చేరాయి. చదవడం రాని వాళ్లకు ఆ మాట సందేశం ఎంత ఆసరానో ఇక్కడ తిరిగిన వాళ్లకు తెలుసు. ఫోను చెడిపోలేదు, బ్యాటరీ ఆగుతోంది, కానీ అందులో పని మాత్రం పోయింది. మహారాష్ట్రలో 2021 ఆగస్టులో అంగన్‌వాడీ కార్యకర్తలు తమకిచ్చిన 2 జీబీ ర్యామ్ ఫోన్లను గుంపులు గుంపులుగా తీసుకెళ్లి ఆఫీసుల్లో తిరిగి ఇచ్చేశారు. ఆ ఫోన్లు యాప్‌ను మోయలేకపోతున్నాయని, రిపేరు ఖర్చులు తమ మీద పడుతున్నాయని వాళ్ల గోడు. అంత సూటిగా ఏ ఇంజినీరూ సమస్యను చెప్పలేడు.

కంప్యూటర్ల దగ్గరికి వస్తే సంగతి ఇంకా గంభీరం. భద్రాచలంలోనో మణుగూరులోనో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లండి. ఆదాయ సర్టిఫికెట్‌కు ఆఖరు రోజు, బయట పదిమంది పిల్లలు కాగితాలతో నిలబడి ఉంటారు. కంప్యూటర్ నీలం తెర వేసి, అప్‌డేట్ జరుగుతోంది, ఆపొద్దు అంటుంది. ముప్పై శాతం దగ్గర కరెంటు పోతుంది. కరెంటు వచ్చి, అప్‌డేట్ పూర్తయి, తీరా తెరుచుకున్నాక వేలిముద్ర యంత్రాన్ని గుర్తుపట్టదు. డ్రైవర్ మళ్లీ ఎక్కించాలి. ఇలాంటివి రెండు మూడుసార్లు తగిలాక సెంటర్ నడిపే కుర్రాడు ఏం చేస్తాడు? అప్‌డేట్ సర్వీసునే శాశ్వతంగా ఆపేస్తాడు. విండోస్ అసలుది కాకపోతే ఆ భయం రెట్టింపు. అలా తలుపు తీసి ఉన్న కంప్యూటర్‌లో రోజంతా జనం ఆధార్లు, పాస్‌బుక్కులు, పట్టాలు స్కాన్ అవుతుంటాయి.

అతన్ని తప్పుపట్టే ముందు కంపెనీలు చేసిందేమిటో గుర్తుచేసుకోవాలి. 2016లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10ను జనం మీద ఎంతగా రుద్దిందంటే, అప్‌గ్రేడ్ ప్రకటన మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేసినా ఒప్పుకున్నట్టే లెక్కగట్టింది. ప్రపంచమంతటా ఆ గుర్తుకు 'వద్దు' అని అర్థం. అడగకుండా జరిగిన ఈ అప్‌గ్రేడ్‌తో తన కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే మహిళ కోర్టుకెక్కితే, కంపెనీ పది వేల డాలర్లు కట్టింది. 2018 అక్టోబరు అప్‌డేట్ కొందరి ఫైళ్లనే తుడిచేయడంతో దాన్ని ఆపుకోవాల్సి వచ్చింది. ఫోన్ల వాళ్లూ తక్కువ తినలేదు. అప్‌డేట్లతో పాత ఫోన్లను నెమ్మది చేశారని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018లో ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2024 జూలై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూల్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అక్కడ కాగితం చెల్లింది. విమానం ఎక్కేవాడికి చెల్లిన చేతిరాత, మిరప కోతకు పోవాల్సిన తల్లికి ఎందుకు చెల్లకూడదు?

అలాగని అప్‌డేట్లు వద్దనడం ఆత్మహత్యా సదృశం. 2017 మే 12న వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో స్టేషన్లకు ఆ దెబ్బ తగిలింది. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలల గడువున్నా వేసుకోని యంత్రాలు బలయ్యాయి. కాబట్టి నెట్ సెంటర్ కుర్రాడు అప్‌డేట్ ఆపేయడం నాకు అర్థమవుతుంది, కానీ సమర్థించలేను. అతని భయం పోవాలంటే భద్రతా ప్యాచ్ వేరుగా, కొత్త హంగులూ ప్రకటనలూ వేరుగా రావాలి. ఇన్నేళ్లూ రెంటినీ ఒకే మూటలో కట్టి పంపడం వల్లే జనం మందును కూడా విషంలా చూస్తున్నారు.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నెట్ సెంటర్లలో సెకండ్ హ్యాండ్‌కు కొన్న డబ్బాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. ఇంకో ఏడాది భద్రతా ప్యాచ్‌లు కావాలంటే 30 డాలర్లు కట్టాలి, లేదా సెట్టింగులను కంపెనీ క్లౌడ్‌లో పెట్టాలి, లేదా దాని రివార్డు పాయింట్లు వాడాలి. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు నిలదీశాక అక్కడి వాళ్లకు మైక్రోసాఫ్ట్ ఈ షరతులు సడలించి ఉచితంగా ఇచ్చింది. అడిగిన వాళ్లకు దక్కింది. వేలిముద్ర యంత్రాలదీ అదే కథ. ఆధార్ సంస్థ పాత ఎల్0 రకాన్ని పక్కనపెట్టి, రహస్య కీ పరికరంలోనే భద్రంగా ఉండే ఎల్1కు మారమంది. నిర్ణయం సరైనదే. కొత్త యంత్రం ధర మాత్రం చాలాచోట్ల కమీషన్ మీద బతికే సర్వీస్ పాయింట్ నిర్వాహకుడి జేబులోంచే పోయింది.

నా వాదన ఒక్కటే: మార్చమని ఆదేశించినవాళ్లే ఆ మార్పు ఖర్చు భరించాలి. డేటా, రిపేరు, కొత్త ఫోను, పోయిన పనిపూట, అన్నీ కలిపి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్లు ఓఎస్ అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన ఉంది. మన దగ్గర రిపేరు సౌలభ్య సూచీపై నిపుణుల కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఐఓఎస్ 18 అప్‌డేట్ తర్వాత ఐఫోన్లు సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదులపై అదే ఏడాది జనవరిలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆపిల్‌కు నోటీసిచ్చింది. ఐఫోను కోసం కదిలిన సంస్థలు ఎనిమిది వేల రూపాయల ఫోను కోసమూ కదలాలి.

ఢిల్లీ కదిలేదాకా ఆగాల్సిన పనులు కావు కొన్ని. ప్రభుత్వ యాప్ పాత వెర్షన్ కనీసం మూడు నెలలు పనిచేయనివ్వాలి. పంపిణీ రోజుల్లో కొత్త వెర్షన్ వదలకూడదు. యాప్ తెరుచుకోని రోజున రిజిస్టరులో సంతకమో వేలిముద్రో పూర్తి హాజరుగా, పూర్తి పంపిణీగా చెల్లాలి, తర్వాత సంజాయిషీ అడగకూడదు. ఏం మారిందో తెలుగులో నాలుగు ముక్కలు, కోయలో ఒక ఆడియో పంపాలి. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో చర్ల, దుమ్ముగూడెం, గుండాల, కరకగూడెం మండలాలతో దీన్ని మొదలుపెట్టవచ్చు. ఏ కేంద్రంలో ఏ ఫోను ఉంది, దాని ఆండ్రాయిడ్ ఎంత, ఖాళీ ఎంత, ఆ గూడేనికి ఏ టవర్ అందుతుంది అన్న జాబితా ప్రాజెక్టు అధికారి బల్ల మీద ఉంటే, కొత్త యాప్ ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే అది ఏయే గూడేల్లో నడవదో పేర్లతో సహా పైకి రాసి పంపవచ్చు.