గోడలో ఏముందో మనకు తెలియొద్దా?

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, ఇంకా నాలుగు కొట్టకముందే, మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూమి కంపించింది. దాదాపు పదివేల మంది నిద్రలోనే పోయారు. ప్రకృతి వైపరీత్యం అన్నారు. నేనలా అనలేను. వాళ్ళను చంపింది మట్టి అడుసుతో పేర్చిన బండరాళ్ళ గోడలు, ఎండా వానా దిగకుండా కప్పు మీద మందంగా పోసిన మట్టి. గోడ లోపలి వరసను బయటి వరసతో పట్టి ఉంచే పొడుగు రాళ్ళు లేవు. తలుపుల పై ఎత్తున గోడలన్నిటినీ చుట్టి కట్టే పట్టీ లేదు. రెండూ మామూలు మేస్త్రీలకు చేతనయ్యే పనులే.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు గానీ, ఇల్లు కట్టేటప్పుడు ఇల్లాలిని ఎవరూ పిలవరు. మేస్త్రీ మాట్లాడేది మగవాళ్ళతోనే. లాతూరు ప్రాంతంలో ఆ తర్వాత ప్రభుత్వం ఇళ్ళను మరమ్మతు చేసి బలపరిచే పని చేపట్టినప్పుడు, స్వయం శిక్షణ్ ప్రయోగ్ సంస్థ ద్వారా మహిళా మండళ్ళు అందులోకి దిగాయి. వెయ్యికి పైగా గ్రామాల్లో ఆడవాళ్ళే ఇంటింటికీ తిరిగి ఏ గోడ ఎందుకు కూలుతుందో చెప్పారు. పని ఎలా జరుగుతోందో కనిపెట్టుకుని ఉన్నారు.

మన సంఘాల్లో పొదుపు లెక్కలతోనే పొద్దు గడిచిపోతుంది. వచ్చే సమావేశం ఊళ్ళో కడుతున్న ఇంటి దగ్గర పెట్టుకుందాం. మేస్త్రీని పిలిచి, ఆ పట్టీ ఎక్కడ వేశాడో చూపించమందాం.